బెడ్ లేదన్నారని వదిలెయ్యకు

చిట్టీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక మనసు మనసులో లేదు. నీ వార్డులో రోగి, ఆ కుర్రాడి పేరు నాకు చెప్పలేదు, మంచి పని చేశావు. గుండె కవాటానికి ఇన్ఫెక్షన్, ఆరు వారాలు నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కాలి. అన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచరు. చేతికి గొట్టంతో ఇంటికి పంపడానికి మీవాళ్లు జంకుతారు. నర్సింగ్ ఫెసిలిటీలేమో మందుల జాబితాలో మత్తుమందు వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్ కనబడగానే బెడ్ లేదంటాయి. బోస్టన్‌లో ఇన్నేళ్లుగా వింటున్న మాటే.

నువ్వు పంపిన రెఫరల్‌లో మొదటి లైనే 'డ్రగ్ అబ్యూజర్' అని ఉందటగా? అదేం రాతే! ముందు జబ్బు రాయి. తర్వాత, మెథడోన్ మీద కుదురుగా ఉన్నాడని రాయి. పోనీలే, నీకెవరూ చెప్పి ఉండరు.

నా దగ్గర ఒకావిడ ఉండేది, వెన్నెముకలో చీము. ముందు సరేనన్న నర్సింగ్ ఫెసిలిటీవాళ్లే మెథడోన్ సంగతి తెలిసి మాట మార్చారు. మా సోషల్ వర్కర్ వదల్లేదు. మందు మెథడోన్ క్లినిక్ నుంచే తాళం పెట్టెలో వస్తుందనీ, వేళకు ఇచ్చి లెక్క రాసుకుంటే చాలనీ అక్కడి నర్సుకు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. తీసుకున్నారు. చాలాచోట్ల అడ్డుపడేది తెలియనితనమే తల్లీ.

తెలిసీ కాదంటే మాత్రం ఊరుకోకు. డాక్టరు రాసిన మెథడోన్ వాడుతున్నాడని తిప్పిపంపడం 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టానికి విరుద్ధం. 2018లో మాసచూసెట్స్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఇలాంటి విషయంలోనే ఒక నర్సింగ్ ఫెసిలిటీని దారికి తెచ్చారు, తర్వాత మరికొన్నిటినీ. అందుకే ఎవరు కాదన్నారో, ఎప్పుడు, ఏ కారణం చెప్పారో చార్టులో రాసిపెట్టు. మీ ఆసుపత్రి లీగల్ వాళ్లకు చూపించు.

డిశ్చార్జి రోజుదాకా ఆగకు. చివరి డోసు ఎంతో, ఎప్పుడిచ్చారో క్లినిక్‌కు ఉత్తరం ముందే వెళ్లాలి. మధ్యలో ఖాళీ వస్తే ఆసుపత్రి మూడు రోజుల మందు చేతికివ్వొచ్చు, చాలామందికి ఈ సంగతే తెలీదు. అదే వ్యసనానికి మెథడోన్ బదులు బ్యూప్రెనార్ఫిన్ వాడే రోగి అయితే ఇంకా సులువు. అది రాయడానికి డాక్టరుకు ప్రత్యేక అనుమతి ఉండాలన్న నిబంధన 2022 చివర్లో పోయింది, నువ్వే రాయొచ్చు. మత్తుమందు మోతాదు మించితే విరుగుడుగా వాడే నాలోక్సోన్ స్ప్రే లేకుండా ఎవరినీ గడప దాటనివ్వకు. మత్తుమందు ఆగిన ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదు, బయటికెళ్లిన మొదటి రోజుల్లోనే ప్రాణాలు పోతాయి.

కసిరానని అలగకు. నీ ఆందోళన చూసి గర్వంగానే ఉంది. రేపు పొద్దున్నే టిఫిన్ తిని, సోషల్ వర్కర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, కాదన్న ప్రతి చోటికీ మళ్లీ ఫోన్ చెయ్యి.

నీ పిన్ని