మనాది, మందులు, మాటలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. అమ్మకు 52 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తోంది. ఇప్పుడు చాట ఒళ్ళో పెట్టుకుని, ఆకు కత్తిరించకుండా గంటలకొద్దీ అలాగే కూర్చుంటోంది. ఏమైందంటే "పానం మంచిగ లేదు బిడ్డా" అంటుంది. తలనొప్పి, కడుపులో మంట, ఒళ్ళంతా గుంజుడు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది. స్కానింగులు, ఎండోస్కోపీ చేయిస్తే ఏమీ లేదన్నారు. నాన్న దుబాయ్‌లో ఉంటాడు. "మీ అమ్మ మనాది పెట్టుకున్నది, తాయెత్తు కట్టించు" అంటున్నారు చుట్టుపక్కలవాళ్ళు. రోగమే లేకపోతే ఈ నొప్పులేమిటి డాక్టర్ గారూ?

జవాబు: మీ అమ్మ నొప్పులు నిజమైనవమ్మా. స్కానింగులో కనబడనంత మాత్రాన అవి అబద్ధం కావు. డిప్రెషన్ వచ్చినప్పుడు నిద్ర, ఆకలితో పాటు నొప్పిని ఓర్చుకునే శక్తి కూడా తగ్గిపోతుంది. నా దగ్గరకు వచ్చే పెద్దావిడల్లో "దిగులుగా ఉంది" అని మొదలుపెట్టేవాళ్ళు చాలా తక్కువ. గ్యాస్ అంటారు, గుండె దడ అంటారు, అరికాళ్ళ మంటలంటారు. ఒళ్ళు నొప్పి అంటే ఇంట్లోవాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్తారు. మనసు బాగాలేదంటే "నీకేం తక్కువైంది?" అని అడుగుతారు. ఏది చెప్పుకోవచ్చో, ఏది చెప్పుకోకూడదో ఆమెకు ఏనాడో అర్థమైపోయి ఉంటుంది.

మీ చుట్టుపక్కలవాళ్ళ మాటలో సగం నిజముంది. మనిషి లోలోపల కుమిలిపోవడం కళ్ళారా చూసే మన పెద్దలు దానికి మనాది అని పేరు పెట్టారు. అయితే బెంగకూ డిప్రెషన్‌కూ తేడా ఉంది. మొగుడి మీద బెంగ పెట్టుకున్న మనిషి, ఆయన ఇంటికొచ్చిన రోజు లేచి వంట చేస్తుంది, నాలుగు ముద్దలు తింటుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఆయన వచ్చినా, మనవడు పుట్టినా ఆ సంతోషం లోపలికి దిగదు. ఇలా రెండు వారాలకు మించి, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం ఉంటే వైద్యం అవసరం. వేకువనే మెలకువ రావడం, పొద్దున బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడటం కూడా ఈ జబ్బులో తరచుగా చూస్తాం. అమ్మకు అలా ఉందేమో గమనించండి.

ముందు థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు చేయించండి. వాటిలో లోపమున్నా మనిషి ఇలాగే నీరసించిపోతుంది. తర్వాత జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. వెళ్ళేలోపు ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఒక్క మాట మాత్రం ఈ రోజే అడగండి. అమ్మ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అమ్మా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆమె ఏం చెప్పినా సరే, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఈ పూటే అక్కణ్ణుంచి తీయించేయండి. అది చేతికందకపోవడం వల్లనే దక్కే ప్రాణాలు ఎన్నో ఉన్నాయి.

తాయెత్తు కడితే అమ్మకు ధైర్యంగా ఉంటుందనుకుంటే కట్టించండి, నాకేమీ అభ్యంతరం లేదు. దానికోసం ఆసుపత్రికి వెళ్ళడం మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి.

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డిప్రెషన్‌కు రెండు నెలలుగా ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నాను. ఇప్పుడు బాగున్నాను. పెళ్ళి కుదిరింది. అలవాటైపోతుంది, ఆపేయమని అమ్మ గొడవ. ఆపేయనా? అబ్బాయికి చెప్పాలా?

జవాబు: ఇప్పుడు ఆపకండి. మీరు బాగున్నది మందు పనిచేయడం వల్లే. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. ముందే ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మద్యంలా రోజురోజుకూ ఇంకాస్త కావాలని లాగే మందు కాదిది. కానీ ఒక్కసారిగా మానేస్తే కొన్నాళ్ళు తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టుండటం జరగొచ్చు. అది చూసి "అలవాటైపోయింది" అనుకుంటారు. సమయం వచ్చాక డాక్టరే మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. పిల్లల కోసం అనుకుంటున్నప్పుడు కూడా సొంతంగా మానేయకుండా ముందుగా డాక్టరుతో మాట్లాడండి.

ఇక అబ్బాయి సంగతి. పెళ్ళికి ముందే చెప్పండి. ఇది నా గట్టి అభిప్రాయం. దాచిపెట్టి అత్తగారింటికి వెళ్ళిన అమ్మాయిలు, ఎవరైనా చూస్తారన్న భయంతో మొదటి నెలలోనే మాత్రలు మానేసి, మళ్ళీ పడిపోయి నా దగ్గరకు రావడం చూశాను. మధ్యవర్తితో చెప్పించకండి. ఇద్దరే ఉన్నప్పుడు మీ నోటితో చెప్పండి. అతను ఏమైనా అడగాలనుకుంటే మీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా తమ్ముడికి డిప్రెషన్ అని నెల క్రితం మందులిచ్చారు. ఇప్పుడు మరీ హుషారుగా ఉన్నాడు. రాత్రిళ్ళు పడుకోడు, ఆగకుండా మాట్లాడతాడు, అప్పు చేసి రెండు బైకులు కొన్నాడు. నయమైపోయినట్టేనా?

జవాబు: కాదండీ. ఇది బైపోలార్ జబ్బు కావచ్చు. అందులో కొన్నాళ్ళు కుంగుబాటు, కొన్నాళ్ళు పట్టరాని ఉద్రేకం ఉంటాయి. ఈ జబ్బున్నవాళ్ళకు ఒక్క డిప్రెషన్ మందే ఇస్తే కొందరిలో ఉద్రేకం పైకి తన్నుకొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పట్టుకోవడం కష్టమే కాబట్టి ఎవరినీ నిందించక్కర్లేదు. రేపే అదే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. మందు మార్చాల్సి రావచ్చు, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచాల్సి రావచ్చు. ఆరోగ్య బీమా ఉంటే ఆ కాగితాలు పట్టుకెళ్ళండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బులనూ ఒంటి జబ్బులతో సమానంగా చూడాలి. డాక్టరుకు చూపించేదాకా బైకు తాళాలు, బ్యాంకు కార్డులు మీ దగ్గర పెట్టుకోండి. అతనితో వాదించకండి. గత వారం ఏ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో ఓ కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. డాక్టరు మొదట అడిగేది అదే.