‘వైల్ ట్రూ’ రాస్తే రస్ట్ ఎందుకు గొణుగుతుంది?

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సీ కాస్త వచ్చు, ఇప్పుడు రస్ట్ మొదలుపెట్టాను. ‘వైల్ ట్రూ’ అని రాసినప్పుడల్లా కంపైలర్ ‘లూప్’ వాడమని హెచ్చరిస్తోంది. రెండూ ఆగకుండా తిరిగేవే కదా? పైగా సీలో ఉన్న ‘డూ వైల్’ ఇందులో లేదు. ఒకే పనికి రెండు మాటలు పెట్టి, కావలసిన మాటను తీసేయడంలో అర్థమేమిటి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: తిరగడంలో రెండూ ఒకటే. తేడా బయటపడే దారిలో ఉంది. ‘వైల్’కు ఎప్పుడూ రెండు దారులుంటాయి: షరతు తప్పితే గుమ్మం దగ్గరే ఆగిపోవడం ఒకటి, లోపల ‘బ్రేక్’ తగిలి మధ్యలో లేచిపోవడం రెండోది. ‘లూప్’కు గుమ్మం దగ్గర అడిగేవాళ్లు లేరు కాబట్టి ‘బ్రేక్’ ఒక్కటే దారి. ఇది మాటల తేడా కాదని ఒక చిన్న పరీక్షతో తేలిపోతుంది. ఒక చలరాశిని విలువ ఇవ్వకుండా ప్రకటించండి. ‘లూప్’ లోపల దానికి 1 ఇచ్చి, వెంటనే ‘బ్రేక్’ చేసి, బయటికొచ్చాక అచ్చు వేయండి. కంపైలర్ ఒప్పుకుంటుంది. ‘లూప్’ తీసి ‘వైల్ ట్రూ’ పెట్టండి, చలరాశికి విలువ అంది ఉండకపోవచ్చని చెప్పి ఆపేస్తుంది. దారులు లెక్కపెట్టేటప్పుడు రస్ట్ ‘వైల్’ షరతు విలువను చూడదు. అక్కడ ఒక బూలియన్ ఉంది, అది తప్పు కావచ్చు, లోపలికి ఒక్కసారీ వెళ్లకుండానే కిందికి రావచ్చు అనుకుంటుంది.

అక్కడ ‘ట్రూ’ అని కళ్లముందే కనిపిస్తుంటే చూడనట్టు నటించడమెందుకు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జావా ఆ దారిలోనే వెళ్లింది. షరతు స్థానంలో స్థిరమైన ‘ట్రూ’ ఉంటే దాని నియమాలు ఆ లూప్‌ను ప్రత్యేకంగా చూస్తాయి. అయితే అక్కడ ఒక గీత గీయక తప్పదు: ఒకటి ఒకటికి సమానం అని రాస్తే లెక్కలోకి వస్తుందా, ఎప్పుడూ ‘ట్రూ’ ఇచ్చే ఫంక్షన్‌ను పిలిస్తే వస్తుందా? ఆ గీత ఎక్కడుందో చదివేవాడు గుర్తుపెట్టుకోవాలి. రస్ట్ ఆ బరువును ఒక మాట మీద పెట్టింది. షరతుతో ఆగేది ‘వైల్’, లోపలి నిర్ణయంతో ఆగేది ‘లూప్’. నా మటుకు ఇదే మెరుగు, ఎందుకంటే మొదటి పదం చూడగానే ఆగే చోటు కోసం ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

ఈ విభజన వల్ల ఇంకో లాభం 2017 జులైలో వచ్చిన 1.19 వెర్షన్‌తో చేతికందింది: ‘లూప్’ నుంచి ‘బ్రేక్’తోపాటు ఒక విలువను బయటికి తేవచ్చు. వాడేవాళ్లు సరైన అంకె కొట్టేదాకా అడుగుతూ ఉండి, దొరికిన అంకెతో బయటికి రావాలంటే ముందే ఒక ఉత్తుత్తి సున్నా పెట్టుకోనక్కర్లేదు. అదే సౌకర్యం ‘వైల్’కు ఇవ్వలేరు. షరతు తప్పి బయటికొస్తే ఏ విలువ ఇవ్వాలి?

‘డూ వైల్’ విషయంలో మీ ఫిర్యాదులో పస ఉంది. ‘లూప్’ రాసి, చివర్లో ‘ఇఫ్’ పెట్టి ‘బ్రేక్’ చేయడమే ఇక్కడి పద్ధతి. పని నడుస్తుంది కానీ షరతు తలకిందులవుతుంది: కొనసాగాలంటే ఏం కావాలో రాసేబదులు ఆగాలంటే ఏం కావాలో రాయాలి. ‘వైల్’ షరతు స్థానంలోనే మొత్తం పని కుక్కి, కింద ఖాళీ బ్రాకెట్లు వదిలే చిట్కా ఒకటుంది. కంపైల్ అవుతుంది, చదివేవాడు మాత్రం తల గోక్కుంటాడు. దాని జోలికి పోకండి.

ఇక ‘వైల్ లెట్’, అంటే వచ్చిన విలువ మనం రాసిన నమూనాకు సరిపోయినంతవరకు తిరిగే ‘వైల్’ రూపం. స్టాక్‌లోంచి ఒక్కొక్కటీ తీస్తూ ఖాళీ అయ్యేదాకా నడపడానికి ఇంతకన్నా ముచ్చటైన రూపం లేదు. కానీ చాలా థ్రెడ్లు పంచుకునే వరుసకు మ్యూటెక్స్ తాళం వేసి, ఆ తాళం చేజిక్కించుకోవడాన్నీ పని తీసుకోవడాన్నీ ‘వైల్ లెట్’ గుమ్మంలోనే రాస్తే, ఆ తాళం లోపలి పని ముగిసేదాకా మన చేతిలోనే ఉండిపోతుంది. మిగతా థ్రెడ్లు బయట నిలబడతాయి. అలాంటప్పుడు ‘లూప్’ రాసి, లోపల విడిగా ఒక ‘లెట్’ వాక్యంలో పనిని తీసుకోండి. ఆ వాక్యం సెమీకోలన్ దగ్గరే తాళం విడిపోతుంది.

ప్రశ్న: ఇన్ని నియమాలున్నా, ఆగని లూప్‌ను రస్ట్ పట్టుకోలేదు కదా? మరి ఇంత హంగామా ఎందుకు?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పట్టుకోలేదు, నిజమే. ఏ ప్రోగ్రామ్ అయినా ఆగుతుందో లేదో చెప్పగల సాధారణ పద్ధతి ఉండదని గణితవేత్త ట్యూరింగ్ 1936లోనే చూపించాడు. రస్ట్ హామీ ఇచ్చేది మెమరీ విషయంలో. లూప్ రూపాలు చేసేది అంతకన్నా చిన్న పని, చదివేవాడి కంటిని సరైన చోట నిలపడం. అది ఎందుకు చాలదో, అయినా ఎందుకు కావాలో మైక్రోసాఫ్ట్ వారి 30 జీబీ ‘జూన్’ మ్యూజిక్ ప్లేయర్ చెబుతుంది. 2008 డిసెంబర్ 31న ఆ పరికరాలు బిగుసుకుపోయాయి. రోజుల లెక్కను సంవత్సరాలుగా మార్చే ‘వైల్’ షరతు, రోజులు 365 కన్నా ఎక్కువ ఉన్నంతవరకు తిరగమంటుంది. లోపల లీపు సంవత్సరమైతే రోజులు 366ను దాటినప్పుడే తీసివేత జరుగుతుంది. ఆ రోజు సరిగ్గా 366వది. గుమ్మం లోపలికి రమ్మంది, లోపల చేయడానికి పనేమీ లేదు. అదే తర్కాన్ని రస్ట్‌లో రాసినా కంపైలర్ నోరెత్తదు. మీరు ‘వైల్’ రాసిన ప్రతిసారీ, షరతులో ఉన్న విలువ లోపలి ప్రతి దారిలోనూ మారుతోందా అని వేలు పెట్టి చూసుకోవాల్సిందే. జూన్ యజమానులు బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, 2009 జనవరి 1న మళ్లీ ఛార్జింగ్ పెట్టారు. ప్లేయర్లు మామూలుగా పనిచేశాయి.