ఎండలో పరుగు మానుకో, నాన్నా

గుణదల

చిన్నా, ఈ పెద్దమ్మ దగ్గరికి సెలవులకు వచ్చి ఏలూరు కాలువ గట్టు మీద మిట్టమధ్యాహ్నం, నీళ్లు ముట్టకుండా మారథాన్‌కి సాధన చేస్తానని రాశావు. చదివినప్పటినుంచి నా మనసు మనసులో లేదు. జపానువాళ్లు ప్రాణం పోయినా పరుగు ఆపరనీ, షిజో కనకురిని చూసి నేర్చుకోవాలనీ అన్నావు. సరే, ఆయన్నే చూద్దాం. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఆయన ఎండకు తాళలేక మధ్యలోనే ఆగాడు. దారిపక్క ఒకరి ఇంట్లో దాహం తీర్చుకుని, నిర్వాహకులకు చెప్పకుండానే స్వదేశం వెళ్లిపోయాడు. అదే పందెంలో పోర్చుగల్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో లజారో ఆగలేదు. ఎండదెబ్బకు కూలిపోయి మర్నాడు చనిపోయాడు. ఆగిన కనకురి మాత్రం 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో 16వ స్థానంలో పరుగు పూర్తిచేశాడు. పదిమంది వంతులవారీగా టోక్యో నుంచి హకోనె కొండలకు పరుగెత్తి తిరిగొచ్చే ఎకిదెన్ ఆ ఏడే ఆయన పూనికతో మొదలై, ఇవాళ్టికీ సాగుతోంది. 1967లో స్వీడన్‌వాళ్లు పిలిస్తే 75 ఏళ్ల వయసులో వెళ్లి, ఆగిపోయిన ఆ పందేన్నీ ముగించాడు. ప్రాణం దక్కబట్టే కదమ్మా ఇదంతా!

మారథాన్ ఒక్కడి పరుగు, అందులో వంతులెక్కడివి అంటావు. మన దారిలో జరిగిందే చూడు. 1652లో బందరు నుంచి బెజవాడ మీదుగా గండికోట వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె, ఈ దేశంలో కాలిబంట్లు గుర్రపురౌతుల కంటే ముందే ఉత్తరాలు చేరవేస్తారని రాశాడు. కొన్ని మైళ్లకో గుడిసె, అందులో ఇద్దరు ముగ్గురు మనుషులు. వచ్చినవాడు ఉత్తరాన్ని గుమ్మం ముందు పడేస్తాడు, చేతికిస్తే అపశకునమని. ఇంకొకడు వంగి తీసుకుని పరుగందుకుంటాడు. చీకట్లో, వానలో దారి తెలియడానికి, చెట్లు లేనిచోట రాళ్లకుప్పలు పేర్చి సున్నం కొట్టేవారట. అలిసినవాణ్ణి కూర్చోబెట్టడంలోనే ఆ వేగమంతా ఉంది. నీకున్నది ఒక్క జత కాళ్లే కాబట్టి, ఆ వంతులేవో రోజులోనే వేసుకోవాలి: తెల్లవారకముందు కొంత, పొద్దువాలాక కొంత.

ఎండకు ఒళ్లు అలవాటు పడాలిగా అంటే, పడుతుంది, కాదనను. కానీ అది రెండు వారాలపాటు కొంచెం కొంచెంగా, నీళ్లు తాగుతూ జరగాల్సిన పని. పైగా మన కాలువల గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు; ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. దాహం ఓర్చుకుంటే దమ్ము పెరగదు, పట్టడానికి చెమట కూడా మిగలదు. నీళ్లూ, ఉప్పేసిన మజ్జిగా తాగు. తల తిరిగినా, వణుకు పుట్టినా అక్కడే ఆగిపోయి నీడకు చేరు. తిట్టాననుకోకు బంగారం, నీ పరుగంటే నాకెంత గర్వమో నీకు తెలుసు. ఏ బండికి వస్తున్నావో రాయి. పొద్దున నాలుగింటికి లేపే పూచీ నాది.