అర్జునుడికి కృష్ణుడు దొరికాడు, మనకి సరైన థెరపిస్ట్ దొరకాలంటే?



పోయిన వారం వీడియోలో గీత మొదటి అధ్యాయం చెప్పుకున్నాం కదా. అర్జునుడి నోరు ఎండిపోవడం, ఒళ్లు వణకడం, గాండీవం చేతిలోంచి జారిపోవడం, చివరికి రథం మీద కూలబడిపోవడం. ఆ వీడియో చూసినవాళ్ల మెసేజ్‌లలో ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపించింది. "అన్నా, నాకూ ఇంచుమించు ఇలాగే అవుతోంది. రోజూ హనుమాన్ చాలీసా చదువుతున్నా తగ్గట్లేదు. థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే దేవుడి మీద నమ్మకం లేనట్టా? వెళ్లినా ఎవరి దగ్గరికి వెళ్లాలి?"

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నదే. చరక సంహిత సూత్రస్థానంలో చికిత్స మూడు రకాలని ఉంది. మంత్రం, జపం, హోమం, ఉపవాసం లాంటివి దైవవ్యపాశ్రయం. మందు, ఆహారం యుక్తివ్యపాశ్రయం. మనసుని హాని చేసే విషయాల మీద నుంచి మళ్లించడం సత్త్వావజయం. మూడూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి చేసేవాడు రెండోది చేయకూడదని ఎక్కడా లేదు. సత్త్వావజయం అంటే ఈనాటి థెరపీయే అని నేననను, అలా అతికించి మురిసిపోవడం నాకిష్టం ఉండదు. కానీ జపం చేసే పని వేరు, వైద్యం చేసే పని వేరు అని మన పెద్దలకి బాగా తెలుసు. అది చాలు మనకి.

రెండో ప్రశ్నే పెద్దది. ఎవరి దగ్గరికి?

గీత రెండో అధ్యాయం మొదట్లో ఒక విషయం మనం గబగబా దాటేస్తాం. కృష్ణుడు మొట్టమొదట చెప్పింది ఆత్మజ్ఞానం కాదండి, మందలింపు. ఈ పిరికితనం నీకు తగదు, లే అన్నట్టుగా రెండే రెండు శ్లోకాలు. ఆ మాటతో అర్జునుడు లేవలేదు. మళ్లీ తన బాధంతా చెప్పుకుని, నేను యుద్ధం చేయనని చెప్పేసి, మౌనంగా ఉండిపోయాడు. అప్పుడు కృష్ణుడు చెప్పే తీరు మారింది. మనం గీత అని పిలుచుకునే బోధంతా ఆ తర్వాతదే. "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు" అని ఇంట్లో అందరూ ఆ మొదటి రెండు శ్లోకాల దగ్గరే ఆగిపోతారు. మనం వెతకాల్సింది ఆ మాట పనిచేయనప్పుడు ఇంకో దారి తెలిసిన మనిషిని.

నా సంగతి చెప్తాను. మా ఛానెల్‌కి బషీర్‌బాగ్‌లో ఫ్లైఓవర్ దగ్గర పాత కాంప్లెక్స్‌లో రెండు గదులున్నాయి. ఒకదాంట్లో రికార్డింగ్, ఒకదాంట్లో ఎడిటింగ్. కొన్నేళ్ల క్రితం నాకు పూజలో కూర్చోగానే అమ్మవారి గురించి నోటితో చెప్పలేని మాటలు, బొమ్మలు మనసులోకి రావడం మొదలైంది. వచ్చిన ప్రతిసారీ జపం అశుద్ధం అయిపోయిందనిపించి మళ్లీ ఒకటి నుంచి లెక్క. 108 పూర్తవ్వడానికి కొన్ని రోజులు రెండు గంటలు పట్టేది. ఆఫీసుకి లేటు, కళ్ల కింద నలుపు. దీన్ని బయటికి చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. పొద్దున లేస్తే భక్తి గురించి మాట్లాడేవాణ్ణి నేను.

మొదట వెళ్లిన కౌన్సెలర్ అంతా విని, "ఈ వయసులో ఇన్ని పూజలెందుకండీ, కొన్నాళ్లు మానేసి ఎక్కడికైనా ట్రిప్‌కి వెళ్లండి" అన్నారు. ఆ తర్వాత ఎవరో చెప్తే, ఆధ్యాత్మిక కౌన్సెలింగ్ చేస్తానని చెప్పుకునే ఒకాయన్ని కలిశాను. ఆయన ప్రాయశ్చిత్తంగా రోజుకి ఇంకో మూడు మాలలు చేయమన్నారు. ఒకరు పూజ తీసేయమన్నారు, ఒకరు పెంచమన్నారు. అసలు జబ్బేమిటో ఇద్దరూ అడగలేదు.

మూడోసారి వెళ్లింది ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి. ఆవిడ అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "మీ ఇంట్లో ఇదే పూజ మీ నాన్నగారు ఎంతసేపు చేస్తారు?" ఇరవై నిమిషాలు అన్నాను. మధ్యలో పాలబ్బాయి వస్తే లేచి డబ్బులిచ్చి, ఆపిన చోటు నుంచే మొదలుపెడతారు. "అయితే మనం వెళ్లాల్సింది ఆ ఇరవై నిమిషాలకి" అన్నారావిడ. నా సంప్రదాయంలో మామూలు ఏదో నా ఇంటి నుంచే తెలుసుకుని, దానికీ నేను చేస్తున్నదానికీ మధ్య ఉన్న తేడాని జబ్బు అన్నారు. అది ఓసీడీ. అందులో భక్తి చుట్టూ అల్లుకునే రకం.

ఇది మనకొక్కరికే వచ్చేది కాదండి. క్రైస్తవ గురువులు శతాబ్దాల క్రితమే దీన్ని గుర్తించారు, ఇంగ్లీషులో స్క్రుప్యులాసిటీ అంటారు. నాంపల్లిలో ఉండే నా ఫ్రెండ్ ఒకడు, నమాజుకి ముందు వుజూ సరిగ్గా అయిందో లేదోనని మళ్లీ మళ్లీ కడుక్కునేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారని, దాన్ని వస్వాస్ అంటారని చెప్పాడు. చెడు ఆలోచన ఎవరికైనా వస్తుంది. దాన్ని కడిగేయాలని చేసే పని మళ్లీ మళ్లీ చేయడంతోనే జబ్బు ముదురుతుంది. అందుకే దీనికి వాడే పద్ధతి వేరు. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. ఆలోచన వచ్చినా లెక్క తప్పినా వెనక్కి వెళ్లకుండా ముందుకే సాగడం. మొదట్లో గుండె దడదడలాడుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. ఇలా మెల్లమెల్లగా, చిన్న మెట్టు నుంచి పెద్ద మెట్టుకి. కొందరికి దీంతోపాటు సైకియాట్రిస్ట్ మందులు కూడా ఇస్తారు, నాకూ ఇచ్చారు. ఈ జబ్బుకి మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వారానికే తగ్గలేదని ఆపేయకూడదు.

ఎంత మంచి థెరపిస్ట్ అయినా అన్నిటికీ పనికిరారు. మోకాలి నొప్పికి కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లం కదా.

ముందు ఎవరెవరో తెలుసుకోండి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన సైకియాట్రీలో ఎండీ గానీ డీఎన్‌బీ గానీ డీపీఎం గానీ చేసిన డాక్టర్. మందులు రాయగలిగేది వీళ్లే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు చేసి థెరపీ ఇస్తారు. చాలామందికి రెండేళ్ల ఎంఫిల్, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అంటే ఆర్‌సీఐలో రిజిస్ట్రేషన్ ఉంటాయి. ఆ నంబర్ అడగడంలో తప్పులేదు. కౌన్సెలర్లలో సైకాలజీ ఎంఏ, ఎంఎస్సీ చేసిన మంచివాళ్లూ ఉన్నారు, వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కౌన్సెలర్లని కూడా ఒక రిజిస్టర్ కిందికి తెచ్చే ఏర్పాటు చేసింది, కానీ ప్రస్తుతానికి డిగ్రీ ఏమిటో మనమే అడిగి తెలుసుకోవాలి. లైఫ్ కోచ్, హీలర్ అన్న పేర్ల వెనక ఏ చదువూ తప్పనిసరి కాదు.

ఇక ఏ బాధకి ఎవరు? బ్రేకప్, ఉద్యోగం పోవడం, ఇంట్లో గొడవలు, పరీక్షల ఒత్తిడి లాంటివాటికి అనుభవం ఉన్న కౌన్సెలర్ చాలు. పానిక్, విడవని దిగులు, ఓసీడీ అయితే సీబీటీలో, ఈఆర్‌పీలో శిక్షణ ఉన్న సైకాలజిస్ట్. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉన్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన ఉత్సాహం వచ్చినా, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనిపించినా ముందు సైకియాట్రిస్ట్. మన ఛానెల్ వాళ్లకి ఇది గట్టిగా చెప్పాలి. నాలుగు రోజులుగా నిద్రపోకుండా "అమ్మవారు నాతో మాట్లాడుతోంది, నన్ను ఎంచుకుంది" అనే తమ్ముడు ఇంట్లో ఉంటే, హారతి పట్టేముందు డాక్టర్‌కి చూపించండి. అది నిజమైన అనుగ్రహమే అయితే డాక్టర్ చూసినంత మాత్రాన ఎక్కడికీ పోదు.

అపాయింట్‌మెంట్‌కి ముందు ఫోన్ చేసి అడగండి, సిగ్గు వద్దు. మీ చదువేమిటి, రిజిస్ట్రేషన్ ఉందా? నాకున్న ఇబ్బందితో వచ్చినవాళ్లని చూశారా, ఏ పద్ధతిలో చేస్తారు? సెషన్ ఎంతసేపు, ఫీజు ఎంత? తెలుగులో మాట్లాడొచ్చా? ఈ చివరి ప్రశ్న చిన్నదనుకోకండి. అబిడ్స్‌లో షాపింగ్‌కి మనం హిందీ, తెలుగు, ఇంగ్లీషు కలిపి కొట్టేస్తాం. కానీ "గుండెల్లో ఏదో పిండేసినట్టుంది" అన్నది ఇంగ్లీషులోకి మార్చి చెప్తే సగం అక్కడే పోతుంది. మూడు సెషన్లలో గ్యారంటీ అన్నా, పది సెషన్ల ప్యాకేజీ ముందే కట్టమన్నా, డాక్టర్ కానివాళ్లు మందులు ఆపేయమన్నా ఫోన్ పెట్టేయండి.

దేవుడి సంగతి కూడా ముందే చెప్పండి. "నేను రోజూ పూజ చేస్తాను, అది నాకు ముఖ్యం" అనండి. థెరపిస్ట్ భక్తులై ఉండాల్సిన పనిలేదు. నాకు నయం చేసినావిడ ఏ దేవుణ్ణి మొక్కుతారో, అసలు మొక్కుతారో లేదో నాకు తెలియదు. మీ నమ్మకాన్ని చులకన చేయకూడదు, అలాగే శాంతి పూజో రంగు రాయో రాసివ్వకూడదు. ఈ రెండూ చేయకపోతే చాలు.

డబ్బు సంగతి. ప్రైవేటులో ఒక్కో సెషన్‌కి వెయ్యి, రెండు వేలు అడగడం మామూలే, విద్యార్థులకి అది భారం. ఉస్మానియాలో, గాంధీలో సైకియాట్రీ విభాగాలున్నాయి. ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది. మన ఊళ్లో "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అనేది జోకు. ఆ జోకు భయంతో దగ్గర్లో ఉన్న ప్రభుత్వ వైద్యం వదులుకున్నవాళ్లు నాకు తెలుసు. నాంపల్లిలోనో అసెంబ్లీ దగ్గరో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. ఓపీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ లోపల ఉంచేయరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం మీ హక్కు, మీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. బీమాలో కూడా శరీర జబ్బుకీ మనసు జబ్బుకీ తేడా చూపకూడదని అదే చట్టం అంటుంది. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే ఇస్తాయి, బయటి సెషన్లకి వస్తుందో లేదో మీ పాలసీలో చూసుకోండి.

కాలేజీలో ఉన్నవాళ్లు ముందు మీ కాలేజీలోనే అడగండి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద ఆమె తండ్రి వేసిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. లేకపోతే ఎందుకు లేరని అడగొచ్చు.

చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం ఈ వెతుకులాటంతా పక్కన పెట్టండి. వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. ప్రమాదం ఆ క్షణంలోనే ఉంటే 112, లేదా దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీ.

కుదిరిందో లేదో తెలియడానికి మూడు నాలుగు సెషన్లు ఇవ్వండి. సెషన్ తర్వాత ఏడుపు రావచ్చు, అలసట రావచ్చు, అది కుదరలేదనడానికి గుర్తు కాదు. కానీ ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో మీకు అర్థం కావాలి. అర్థం కాకపోతే అడగండి. అర్జునుడు ఏం చేశాడు? మూడో అధ్యాయంలో, నీ మాటలు నన్ను గందరగోళంలో పడేస్తున్నాయి, ఒక్కటి తేల్చి చెప్పమన్నాడు. ఆరో అధ్యాయంలో, ఈ మనసుని పట్టడం గాలిని పట్టినంత కష్టమన్నాడు. కృష్ణుడు కోప్పడలేదు. అవును కష్టమేనని ఒప్పుకుని, ఆ తర్వాత అభ్యాసం, వైరాగ్యం గురించి చెప్పాడు. మీరు ప్రశ్న అడిగితే ముఖం మాడ్చుకునే థెరపిస్ట్ దగ్గర ఉండిపోవాల్సిన పనిలేదు. "నాకు కుదరడం లేదు, ఇంకెవరినైనా సూచిస్తారా" అంటే చాలు. మంచివాళ్లయితే వాళ్లే ఫలానా వాళ్ల దగ్గరికి వెళ్లమని చెప్తారు. అలాగే ఉద్యోగం మానేయమనో, అమ్మానాన్నలతో తెంచుకోమనో మీ తరఫున నిర్ణయాలు చేసేవాళ్లతో జాగ్రత్త. పద్దెనిమిదో అధ్యాయంలో అంతా చెప్పాక కృష్ణుడు కూడా బాగా ఆలోచించుకుని నీ ఇష్టమొచ్చినట్టు చేయమనే అన్నాడు.

మొదటి రోజు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకెళ్లండి: ఎప్పటి నుంచి, రోజుకి ఎంతసేపు, నిద్ర ఎలా ఉంది, వాడుతున్న మందులు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. చరకుడు మంచి రోగికి చెప్పిన నాలుగు లక్షణాల్లో భయపడకపోవడం ఒకటి, తన బాధ తాను చెప్పగలగడం ఒకటి. నోరు పెగలకపోతే ఆ కాగితం అందించండి. నేను అదే చేశాను.

మెసేజ్‌లు పంపండి, చదువుతాను. కానీ మీ లక్షణాలు రాసి ఇది ఏ జబ్బు అని మాత్రం నన్ను అడగొద్దు, ఆ చదువు నాది కాదు. శ్లోకం అర్థం అడగండి, జపం ఎలా చేయాలో అడగండి, లెక్క తప్పితే ఏం చేయాలో కూడా అడగండి. దానికైతే జవాబు ఇప్పుడే చెప్పేస్తాను: ముందుకెళ్లిపోండి.