సోషల్ మీడియాతో మనకు ఒరిగేదేమిటి?

సోషల్ మీడియా వల్ల నిత్య జీవితంలో ఏమైనా ప్రయోజనం ఉందా అని అడిగితే మన ఇళ్ళలో రెండు జవాబులు వినిపిస్తాయి. పిల్లలను పాడుచేసింది ఈ ఫోనేనని పెద్దలు అంటారు. లోకమంతా ఇందులోనే ఉంది కదా అని పిల్లలు అంటారు. అలా వాదించుకునే ఇద్దరి చేతుల్లోనూ ఫోను మాత్రం ఉంటుంది.

సేవా సంస్థలో పనిచేసే మాకు ఇది ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు. అర్ధరాత్రి ఆసుపత్రిలో రక్తం కావాలన్నా, జనాజా వేళ బంధువులకు తెలపాలన్నా, ఫీజు కట్టలేని విద్యార్థి సంగతి దాతల చెవిన వేయాలన్నా ఇప్పుడు మొదట తెరిచేది వాట్సాపే. మనుషుల ప్రాణాలు తీసిన పుకార్లు ప్రయాణించిందీ అదే దారిన. కాబట్టి "మంచిదా, చెడ్డదా" అని మొత్తంగా తేల్చే పని పెట్టుకోకుండా, ఏ మాట పనికొచ్చింది, ఏది చెరుపు చేసింది అని విడివిడిగా చూద్దాం. అలా చూస్తే మాకు ఒక కొలత దొరికింది. ఆ మాట అన్నది ఎవరో తెలుసా? తిరిగి అడిగితే జవాబు చెప్పే మనిషి ఉన్నాడా? పని అయ్యాక అయిందని చెబుతాడా? ఈ మూడూ ఉన్న మెసేజ్‌కు చిరునామా ఉన్నట్టు. లేనిది గాలిలో కాగితం.

ముందుగా ఎవరూ కాదనలేని మేలు ఒకటి చెప్పుకోవాలి. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్, సౌదీలకు బతుకుతెరువు కోసం వెళ్ళినవారి ఇళ్ళలో ఒకప్పుడు ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసేవారు. చదువు రాని అమ్మలు టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాటలన్నీ క్యాసెట్‌లోకి ఎక్కించి, ఊరి నుంచి వెళ్ళేవాళ్ళ చేత పంపిన రోజులు మనలో చాలామందికి గుర్తే. ఇప్పుడు బిడ్డ నడక నేర్చుకోవడం తండ్రి అక్కడినుంచే చూస్తున్నాడు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కుదరక బోటిమ్ లాంటి యాప్ వాడుతుంటే, ఆ పేరు ఇక్కడి నానమ్మకు కూడా నోటికొచ్చేసింది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. జీతం ఇవ్వడం లేదని, పాస్‌పోర్టు లాక్కున్నారని అక్కడినుంచి మనవాళ్ళు వీడియోలు పెడుతుంటారు. బాధలో చేసే పని అది, తప్పుపట్టలేం. కానీ యజమానిని పేరుపెట్టి దూషించే వీడియో గల్ఫ్ దేశాల చట్టాల కింద వారి మీదే కేసుగా మారవచ్చు. విదేశాంగ శాఖ ఇలాంటి ఫిర్యాదుల కోసమే 2015లో 'మదద్' పోర్టల్ తెరిచింది. వీడియో ఇంటివారికి పంపి, ఫిర్యాదు ఆ పోర్టల్‌లో నమోదు చేయించడం మేలు.

ఇక రక్తం సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సోషల్ మీడియా బలమూ బలహీనతా రెండూ ఇందులో స్పష్టంగా కనబడతాయి.

"అర్జెంట్, ఓ నెగటివ్ కావాలి, అన్ని గ్రూపులకూ పంపండి" అనే మెసేజ్ చూడనివారు లేరు. అందులో తేదీ ఉండదు. ఒక్కోసారి ఊరు కూడా ఉండదు. కింద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, ఆ రోగి ఆరు నెలల క్రితమే ఇంటికి వెళ్ళిపోయాడని విసుగ్గా జవాబు వస్తుంది. ఆ కుటుంబం విసుగులో న్యాయం ఉంది, రోజుకు పది కాల్స్ వస్తుంటే ఎవరు మాత్రం ఓర్చుకుంటారు? నష్టం ఇంకో చోట ఉంది. రెండుమూడు సార్లు ఇలా ఎదురైన దాత నాలుగోసారి నిజమైన మెసేజ్ వచ్చినా ఫోన్ తీయడు.

అదే పని పద్ధతిగా జరిగితే ఎలా ఉంటుందో చూడండి. ఆరోగ్యవంతుడైన పురుషుడు మూడు నెలలకొకసారి, స్త్రీ నాలుగు నెలలకొకసారి రక్తం ఇవ్వవచ్చు. సేకరించిన ఎర్రకణాలను 35 నుంచి 42 రోజుల వరకు నిల్వ ఉంచగలరు. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. డెంగీ కాలంలో ప్లేట్‌లెట్ల కోసం అంత హడావిడి పడేది అందుకే. అంటే వెయ్యిమంది ఉన్న గ్రూపులో అరవడం కంటే, నలభైమంది దాతల పేరు, రక్తం గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ రాసిన పట్టిక ఒక బాధ్యుడి దగ్గర ఉండటం ఎక్కువ పని చేస్తుంది. ఆ పట్టిక చూసి ఇద్దరికి విడిగా మెసేజ్ పెడితే చాలు.

తలసేమియా పిల్లల విషయంలో ఈ తేడా మరీ తెలుస్తుంది. వారికి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాల్సిందే, అదీ ఏళ్ళ తరబడి. ఆ తల్లిదండ్రులు ప్రతిసారీ "అర్జెంట్" అని ఊరంతా అడుక్కోవాలా? హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి సంస్థలు ఈ అవసరాన్ని ముందే లెక్కగట్టి శిబిరాలు పెట్టిస్తాయి. వేసవి సెలవుల్లో కాలేజీలు మూతపడటంతో శిబిరాలు తగ్గుతాయి. రంజాన్‌లో ఉపవాసం ఉన్నవారు పగలు ఇవ్వడానికి వెనకాడతారు. అలాంటప్పుడు "ఇఫ్తార్ తర్వాత ఫలానా బ్లడ్ బ్యాంకులో ఇంత సేపటి వరకు తీసుకుంటారు, ఫలానా వారిని కలవండి" అనే రెండు వరుసల మెసేజ్ ఎంత పని చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. 2017 అక్టోబరు 1న, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, ఫేస్‌బుక్ కూడా రక్తదాతలు నమోదు చేసుకునే ఏర్పాటును మన దేశంలోనే మొదలుపెట్టింది.

ఇంకో మాట. మెసేజ్‌లోని నంబరు చూసి, "రక్తం ఇస్తాను, ఇంత ఇవ్వండి" అంటూ ఫోన్ చేసేవాళ్ళుంటారు. డబ్బుకు రక్తం అమ్మడం 1998 జనవరి 1 నుంచి మన దేశంలో నిషిద్ధం. ఛార్జీలకని ముందే డబ్బు పంపమనేవాడు రక్తం ఇవ్వడానికి రాడు, ఆ సంగతి రోగి బంధువులకు ముందే చెప్పి ఉంచాలి.

ఇప్పుడు చేదు భాగానికి వద్దాం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ దేశమంతా మెసేజ్‌లు తిరిగాయి. వాటితో తిరిగిన వీడియోల్లో ఒకటి, మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చి ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోయేది. అసలది కరాచీలోని ఒక స్వచ్ఛంద సంస్థ, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండండని చెప్పడానికి తీయించిన చిత్రం. చివర్లో వాళ్ళు పిల్లవాణ్ణి తిరిగి దింపి, ఒక హెచ్చరిక బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. పిల్లల మేలు కోరి తీసిన చిత్రం మనుషుల్ని చంపించింది.

ఇది ఎక్కడో జరిగిందనుకోవద్దు. ఆ ఏడాది మే నెలాఖరున, రంజాన్ రోజుల్లోనే, హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో భిక్షాటన చేసుకునే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఈ అనుమానంతోనే గుంపు కొట్టి చంపింది. జులైలో మన హైదరాబాద్ యువకుడే, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, స్నేహితులతో బీదర్ జిల్లాకు వెళ్ళి అదే అనుమానానికి బలయ్యాడు. దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే వాళ్ళు చేసిన నేరం. వాళ్ళ కారు ముర్కి గ్రామం చేరేలోపే వాట్సాప్ కబురు చేరిపోయింది, జనం దారికి అడ్డం నిలబడ్డారు. మొదటిదానిలో కొట్టినవారిది మన పేటే, రెండోదానిలో పోయింది మన బిడ్డ. పుకారుకు ఎవరివాళ్ళన్న లెక్క లేదు. వార్త తెచ్చినవాణ్ణి చూసి, విచారించుకుని మరీ నమ్మమన్న హుజురాత్ సూరా ఆదేశం జుమా ప్రసంగాల్లో ఎన్నిసార్లు విని ఉంటాం! ఫోన్ చేతికి రాగానే అది గుర్తుండదు.

ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి, రెండు బాణం గుర్తులు పడిన మెసేజ్‌ను ఒకసారికి ఒకే చాట్‌కు పంపగలం. ఆ రెండు బాణాలు కనిపించాయంటే అర్థం, అది చాలా చేతులు మారి వచ్చిందని, పంపినవారికి కూడా దాని మూలం తెలియదని. మన ఇంట్లో వృద్ధులకు ఈ గుర్తు చూపించి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

కంపెనీ కట్టడి కంటే మాకు నచ్చింది మరొకటి. అప్పట్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గ్రామానికొక పోలీసును కేటాయించి, వాళ్ళ నంబర్లు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఉండేలా చూశారు. డప్పు కళాకారుల చేత పుకార్ల మీద పాటలు కట్టించి ఊరూరా పాడించారు. అనుమానం వస్తే ఊరివాళ్ళు కర్ర పట్టుకునే బదులు తెలిసిన పోలీసుకు ఫోన్ చేశారు. గాలికాగితానికి చిరునామా తగిలించడమంటే ఇదే.

కరోనా కాలం రెండు వైపులూ చూపించింది. 2020 వేసవిలో రోగాన్ని ఒక మతానికి అంటగట్టే పాత వీడియోలు, కత్తిరించిన వీడియోలు తిరిగి, పండ్ల బండి తోసుకునే పేదవాడి పొట్ట కొట్టాయి. మరుసటి ఏడాది రెండో ఉధృతిలో ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడుందో, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీ ఉందో చెప్పి ప్రాణాలు నిలిపిందీ ఇవే ఫోన్లు. సోషల్ మీడియాలో సాయం అడిగేవారిపై చర్యలు తీసుకోరాదని 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది కూడా. అయితే అప్పుడు కూడా పనికొచ్చిన జాబితాలు, ఎవరో కుర్రాళ్ళు గంటగంటకూ ఫోన్ చేసి "ఇప్పుడే మాట్లాడాం, ఉంది" అని సమయం వేసి పెట్టినవి. మిగతావి చూసుకుంటూ తిరిగినవాళ్ళకు ఆటో ఖర్చే మిగిలింది.

స్కాలర్‌షిప్పుల మెసేజ్‌లూ ఇలాంటివే. మైనారిటీ పిల్లల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు కేంద్రం 2022 నవంబరులో ఆపేసింది. ఆ తర్వాత కూడా పాత మెసేజ్ పట్టుకుని ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిరిగిన తల్లులను చూశాం. చిరునామా చివర జీఓవీ.ఇన్ లేని లింకులో ఆధార్, బ్యాంకు వివరాలు నింపొద్దని చెబుతున్నాం. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఉండదు. కొట్టమన్నారంటే తీసుకుపోవడానికే. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.

సంస్థలు తమ గురించి తాము ఆలోచించుకోవలసిన విషయం ఒకటి మిగిలింది. జకాత్, సదఖా పంచేటప్పుడు తీసే ఫొటోలు. రేషన్ కిట్ చేతిలో పెట్టి, ఇటు నలుగురు పెద్దమనుషులు, అటు నలుగురు, మధ్యలో తలవంచుకున్న ఒక వితంతువు. సాయంత్రానికి ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో ఉంటుంది. ఆమె కూతురు చదివే బడిలో పిల్లల ఫోన్లకూ చేరుతుంది. మరుసటి ఏడాది ఆమె అవసరం ఉన్నా కిట్ తీసుకోవడానికి రాదు. రహస్య దానానికి మన ధర్మంలో ఉన్న స్థానం తెలియనివారు లేరు, అయినా లైకుల ఆశ బలమైనది. దాతలకు లెక్క చూపించాలి కదా అంటారు. నిజమే, చూపించాలి. సంచుల ఫొటో తీయండి, కొన్న దుకాణం బిల్లు పెట్టండి, ఎన్ని కుటుంబాలకు ఇచ్చారో అంకె రాయండి, వచ్చిన సొమ్ము, ఖర్చయిన సొమ్ము పక్కపక్కన వేయండి. మనిషి ముఖంతో పనేముంది? దాత సొమ్ముకు ముఖం కంటే బిల్లే మంచి సాక్ష్యం.

గ్రూపు నడిపేవారికి మేము సూచించేది పెద్ద పద్ధతేమీ కాదు. సాయం కోరే ప్రతి మెసేజ్‌లో తేదీ, ఊరు, ఆసుపత్రి లేదా కళాశాల పేరు, విచారించి చూసిన మన కార్యకర్త నంబరు ఉండాలి. రోగి రిపోర్టులు, ఆధార్ కాపీలు గ్రూపులో పెట్టకూడదు, కావాలన్న దాతకు విడిగా చూపించవచ్చు. పని పూర్తికాగానే అదే మెసేజ్ కింద "అవసరం తీరింది, ఇక పంపవద్దు" అని రాయాలి. గుడ్ మార్నింగ్ పువ్వులు, రాజకీయ వాదనలు పెట్టేవారికి వేరే గ్రూపులు బోలెడు ఉన్నాయి.

ఫోన్ లేనివారు, ఉన్నా రీఛార్జ్ చేయించుకోలేనివారు మన మొహల్లాల్లో ఇంకా ఉన్నారు. సాయం అవసరమయ్యేది తరచుగా వారికే. అందుకే గ్రూపులో పెట్టిన ప్రతి ప్రకటనా మస్జిద్ గోడ మీది నోటీసు బోర్డుకు కూడా ఎక్కాలి, జుమా తర్వాత మైకులో ఒకసారి చదవాలి. ఆడవారి కోసం వీధికి ఒక అక్కయ్య ఇంటింటికీ వెళ్ళి చెప్పి రావాలి.