యంత్రానికి యంత్రం వేషం

పగటివేషాల గురించి మీ తాతయ్యనో నాయనమ్మనో అడిగి చూడండి. ఒకనాడు బుడబుక్కలవాడుగా వచ్చిన మనిషి, మరునాడు అర్ధనారీశ్వరుడై వీధిలో నిలబడేవాడు. వేషం కుదరాలంటే బట్టలు మార్చుకుంటే చాలదు. మాట, నడక, చూపు అన్నీ మారాలి.

కంప్యూటర్లలోనూ ఇటువంటి వేషధారి ఒకటున్నది. దాని పేరు ఎమ్యులేటర్. మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్, నలభై యాభై ఏళ్ల కిందటి వీడియో గేమ్ యంత్రంలాగా ప్రవర్తించేటట్లు చేసే ప్రోగ్రామే ఎమ్యులేటర్. దానిని ఎలా అమర్చుకోవాలో చూద్దాం. అంతకు ముందు, అసలు ఈ వేషం ఎందుకు వేయవలసి వచ్చిందో తెలుసుకోవాలి.

1978లో జపానులోని టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆటను విడుదల చేసింది. దాని రూపకర్త తొమొహిరో నిషికాదో. తెరమీద అయిదు వరుసలలో, వరుసకు పదకొండు చొప్పున 55 గ్రహాంతర జీవులు కవాతు చేస్తూ కిందికి దిగుతుంటాయి. ఆడేవారు అడుగున ఉన్న ఫిరంగితో వాటిని కాల్చాలి. నాణెం వేసి ఆడే ఆ పెట్టెలో ఇంటెల్ 8080 అనే మైక్రోప్రాసెసర్ ఉండేది. ఆట ప్రోగ్రాము మొత్తం 8,192 బైట్లు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు వ్యాసాన్ని కంప్యూటర్‌లో దాచాలంటే అంతకంటె ఎక్కువ చోటు కావాలి!

ఆ ప్రోగ్రామును ఉన్నదున్నట్లు మీ కంప్యూటర్‌లో పెట్టి నడపమంటే నడవదు. ఎందుచేత? ప్రోగ్రాము అంటే కొన్ని సంఖ్యల వరుస. ఏ సంఖ్యకు ఏ అర్థమో ప్రాసెసర్‌ను తయారు చేసినవారు నిర్ణయిస్తారు. 8080కి 62 అంటే ఒక ఆదేశం. మీ కంప్యూటర్‌లోని ప్రాసెసర్‌కు అదే 62 అంటే వేరొకటి.

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఎనిమిది గడులు గీసి, వాటికి పైన 0 నుండి 7 వరకు నంబర్లు వేయండి. గడులలో వరుసగా ఈ సంఖ్యలు రాయండి:

62, 5, 6, 3, 128, 195, 4, 0

పక్కన ఎ, బి అని రెండు పెట్టెలు గీయండి. ఇవి 8080 నిజంగా పాటించే ఆదేశాలే. 62 అంటే, పక్క గడిలోని సంఖ్యను ఎ పెట్టెలో వేయమని. 6 అంటే, పక్క గడిలోని సంఖ్యను బి పెట్టెలో వేయమని. 128 అంటే, ఎ లో ఉన్నదానికి బి లో ఉన్నది కలిపి, మొత్తాన్ని తిరిగి ఎ లోనే ఉంచమని. 195 అంటే, తరువాతి రెండు గడులు చెప్పే నంబరు గల గడికి వెళ్లమని. ఆ రెండింటిలో మొదటిది ఒకట్ల లెక్క, రెండవది 256ల లెక్క. కనుక ఇక్కడ 4, 0 అంటే నాలుగవ నంబరు గడి.

ఇప్పుడు సున్నా నంబరు గడి దగ్గర వేలు పెట్టి నడిపించండి. ఎ లో 5 పడుతుంది. బి లో 3 పడుతుంది. కలిపితే ఎ లో 8. తరువాత నాలుగవ గడికి వెనక్కు వెళతారు, అక్కడ మళ్లీ కూడిక. 11, 14, 17... ఇలా సాగుతూనే ఉంటుంది. ఓపికగా చేస్తే 254 వస్తుంది. ఆ తరువాత? 257 అని రాశారా? తప్పు. ఎ పెట్టెలో ఎనిమిది బిట్లకే చోటుంది. 255 దాటితే 256 జారిపోతుంది, మిగిలినదే ఉంటుంది. కాబట్టి 254 తరువాత వచ్చేది 1.

మీరు 8080 కాదు. అయినా 8080 చేసే పని ఆదేశం తరువాత ఆదేశంగా చేశారు. ఎమ్యులేటర్ చేసేదీ ఇదే: గడిలోని సంఖ్యను తీసుకోవడం, దాని అర్థం చూడడం, ఆ పని చేయడం, తరువాతి గడికి పోవడం. 254 తరువాత 1 రావాలన్న సంగతిని మరచిపోయిన ఎమ్యులేటర్‌లో ఆట కొంతసేపు బాగానే నడిచి, హఠాత్తుగా పిచ్చెక్కినట్లు ప్రవర్తిస్తుంది. వేషం బయటపడేది ఇటువంటి చోట్లనే.

ఇక అమర్చుకునే సంగతి. ఇందుకు కావలసినవి రెండు: ఎమ్యులేటర్ ఒకటి, పాత యంత్రం చిప్‌లలోని సంఖ్యల నకలు ఒకటి. ఈ నకలునే 'రామ్' అనకుండా 'రోమ్' అంటారని గుర్తుంచుకోండి. ఈ రెండింటినీ కలగలిపేవారు చాలామంది.

నాణెం వేసి ఆడే యంత్రాలకు 'మేమ్' అనే ఎమ్యులేటర్ ప్రసిద్ధం. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో దానిని మొదలుపెట్టాడు. తరువాత ఎందరో చేతులు కలిపారు. నేడది వేలాది యంత్రాల వేషాలు వేయగలదు, వెల ఏమీ లేదు. దాని సొంత వెబ్‌సైటు నుండే తెచ్చుకోండి. ఊరూ పేరూ లేని చోట్ల దొరికే నకళ్లతో వైరస్‌లు వచ్చే ప్రమాదం ఉంది.

ఎమ్యులేటర్ ఉచితమైనంత మాత్రాన ఆటలన్నీ ఉచితం కావు. ఇది బాగా తెలుసుకోవలసిన విషయం. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనలతో పాటు లెక్కించి రక్షిస్తుంది. రచయిత మరణించిన తరువాత కూడా 60 ఏళ్ల పాటు ఆ రక్షణ ఉంటుంది. స్పేస్ ఇన్వేడర్స్ పాతదే గాని, గడువు తీరినంత పాతది కాదు. దానిని ఆడాలంటే హక్కుదారులు అమ్మే రూపంలో కొనుక్కోవాలి. అయితే హక్కుదారులు మనసారా అనుమతించిన ఆటలు కూడా ఉన్నాయి. 1981లో అమెరికాలో వచ్చిన 'రాబీ రోటో' అటువంటిది. దాని రూపకర్త జేమీ ఫెంటన్ తనకు దక్కిన హక్కుతో, వ్యాపారానికి కాకుండా ఎవరైనా ఆడుకోవచ్చునని అనుమతి ఇచ్చారు. మేమ్ వెబ్‌సైటులోనే అది దొరుకుతుంది. మనం దానితోనే మొదలుపెడదాం.

తెచ్చుకున్న మేమ్‌ను విప్పి ఒక ఫోల్డరులో పెట్టండి. దాని లోపల రోమ్స్ అనే ఫోల్డరు ఉంటుంది. రాబీ రోటో జిప్ ఫైలును విప్పకుండా, పేరు మార్చకుండా అందులో వేయండి. ఎక్కువమందికి ఆట తెరచుకోకపోవడానికి కారణం ఈ రెండింటిలో ఒకటి. మేమ్ తన పట్టికలో ఉన్న పేరుతోనే ఫైలును వెదుకుతుంది. లోపలి సంఖ్యలు సరిగా ఉన్నాయో లేవో కూడా తనిఖీ చేస్తుంది. ఇప్పుడు మేమ్‌ను తెరచి, కనిపించే పట్టికలో ఆట పేరు టైపు చేసి ఎంచుకోండి.

ఆట తెరమీదికి వచ్చింది గాని, మొదలు కాలేదు కదా? కంగారు పడకండి. అది నాణెం కోసం ఎదురుచూస్తున్నది! కీబోర్డు మీద 5 నొక్కితే నాణెం పడినట్లు. 1 నొక్కితే ఆట మొదలు. కదలడానికి బాణం గుర్తుల మీటలు, చర్యకు కంట్రోల్ మీట. ట్యాబ్ నొక్కితే మీటలు మార్చుకునే పట్టిక, ఎస్కేప్ నొక్కితే బయటికి.

కాసేపు ఆడాక ఎఫ్ 11 నొక్కండి. వేగం నూటికి ఎంతో ఒక మూల కనిపిస్తుంది. మామూలుగా అది 100 దగ్గర ఉంటుంది. ఇప్పుడు ఎఫ్ 10 నొక్కి చూడండి. ఆట గాలిలో ఎగిరినట్లు పరుగెత్తుతుంది! మళ్లీ నొక్కితే మామూలు స్థితికి వస్తుంది. మీరు తీసివేసింది కళ్లెం. మీ కంప్యూటర్ తన పూర్తి వేగంతో నడిస్తే పాత ఆటను మనిషి ఆడలేడు.

ఎంత నెమ్మదిగా నడవాలో లెక్క వేయవచ్చు. స్పేస్ ఇన్వేడర్స్‌లోని 8080కి సెకనుకు సుమారు 20 లక్షల గడియార స్పందనలు. తెరమీద బొమ్మ సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కొక్క బొమ్మకు 33,333 స్పందనలు. మన ప్రయోగంలోని కూడిక ఆదేశానికి 4, గెంతే ఆదేశానికి 10 పడతాయి. ఎమ్యులేటర్ వీటిని కూడుకుంటూ పోయి, 33,333 కాగానే బొమ్మ గీసి, తన వంతు వచ్చేదాకా ఊరక కూర్చుంటుంది. నిజానికి దాని కాలంలో ఎక్కువ భాగం ఇలా కూర్చోవడమే!

ఈ లెక్క తప్పితే ఏమవుతుంది? స్పేస్ ఇన్వేడర్స్‌లో ఒక్కొక్క బొమ్మ మారేటప్పుడు ఒక్క జీవి మాత్రమే కదులుతుంది. 55 ఉన్నప్పుడు అన్నీ ఒక అడుగు వేయడానికి దాదాపు ఒక సెకను. అయిదు మిగిలితే సెకనులో పన్నెండవ వంతు. చివరి ఒక్కటి సెకనుకు 60 అడుగులు వేస్తుంది. శత్రువులు తగ్గినకొద్దీ మిగిలినవారి వేగం పెరగడం యంత్రం బలహీనత వల్ల వచ్చింది. నిషికాదో దానిని గమనించి, ఆట రసవత్తరంగా ఉందని అలాగే ఉంచేశాడు. కాబట్టి మంచి ఎమ్యులేటర్ పాత యంత్రం శక్తిని మాత్రమే కాదు, దాని అశక్తతను కూడా అనుకరించాలి.

మరొక చిక్కు. 8080 ఒక సంఖ్యలోని బిట్లను ఒక్కసారికి ఒక్క స్థానమే జరపగలదు. బొమ్మలను పక్కకు కదపడానికి ఆ వేగం చాలలేదు. అందుకని ఆ పెట్టెలో బిట్లను జరపడానికే వేరే సర్క్యూటు పెట్టారు. ఎమ్యులేటర్ రాసేవారు 8080ని తు.చ. తప్పకుండా అనుకరించినా, ఈ సర్క్యూటును మరచిపోతే తెరమీద జీవులు ముక్కచెక్కలై కనిపిస్తాయి.

ధ్వని సంగతి ఇంకా విచిత్రం. కవాతు చప్పుడు, తుపాకి మోత ఆ 8,192 బైట్లలో లేనే లేవు! ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లతో కట్టిన సర్క్యూట్లు వాటిని పుట్టించేవి. చిప్‌ల నకలు ఎంత శ్రద్ధగా తీసినా మూగ ఆటే దొరుకుతుంది. అందుకని మేమ్‌లో చాలాకాలం ఈ ఆటకు అసలు యంత్రం నుండి రికార్డు చేసిన ధ్వనులను విడిగా జతచేశారు. రంగులూ అంతే. తెర నలుపు తెలుపుదే. దానిమీద రంగు కాగితం లాంటి పారదర్శక పట్టీలు అతికించారు. జీవి ఆకుపచ్చ పట్టీ కిందికి రాగానే ఆకుపచ్చగా కనిపించేది. ఈ సంగతి చిప్‌లలో ఎంత వెదికినా దొరకదు. పెట్టెను కళ్లారా చూసినవారు రాసిపెట్టాలి.

ఆ పెట్టెలు తరిగిపోతున్నాయి. అప్పటి యంత్రాలలో చాలావాటి ప్రోగ్రాములు ఈప్రోమ్ చిప్‌లలో, అతి సూక్ష్మమైన విద్యుదావేశాల రూపంలో ఉన్నాయి. ఆ ఆవేశం దశాబ్దాల మీద కొద్దికొద్దిగా కారిపోతుంది. నకలు తీసేలోగా అది పోతే ఆ ఆట పోయినట్లే. చెదలు తినే తాళపత్రాలను తిరగరాయించినట్లు, ఈ చిప్‌లను చదివి భద్రపరచేవారు అనేక దేశాలలో ఉన్నారు.

మీకు ప్రోగ్రాములు రాయడం కొద్దిగా వస్తే, సొంత ఎమ్యులేటర్ రాయవచ్చు. 8080తో మొదలుపెట్టకండి, ఆదేశాలు ఎక్కువ. అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీలో జోసెఫ్ వైస్‌బెకర్ రూపొందించిన చిప్-8 అనేది ఇందుకు అనువైనది. 1977 నాటి కాస్మాక్ వీఐపీ అనే చిన్న కంప్యూటర్‌లో అది వచ్చింది. ఆదేశాలు 35. ఎనిమిది బిట్ల పెట్టెలు 16. తెర అడ్డంగా 64, నిలువుగా 32 చుక్కలు. మెమరీకి 4,096 గడులు కేటాయించండి. మొదటి 512 గడులను వదిలి, ఆట సంఖ్యలను 512వ నంబరు గడి నుండి నింపండి. వేలు అక్కడ పెట్టి చదవడం మొదలుపెట్టండి.