కేసు కథ ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: ఎంబీఏ విద్యార్థుల కోసం నేనే కేస్ స్టడీలు రాస్తున్నాను. చదివి, సారాంశం అప్పజెప్పి ఊరుకుంటున్నారు. కోల్బ్ సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుందా?
– ఒక అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా పనికొస్తుందండీ. డేవిడ్ కోల్బ్ 1984లో వెలువరించిన పుస్తకంలో నేర్చుకోవడాన్ని నాలుగు దశల చక్రంగా చూపారు: అనుభవం, దానిపై పునరాలోచన, అందులోంచి సూత్రం, ఆ సూత్రంతో మళ్లీ ప్రయోగం. మన కేసులు చాలావరకు సూత్రంతో మొదలై అక్కడే ఆగిపోతాయి. పైగా యజమాని ఏం చేశాడో కూడా చెప్పేస్తాయి. ఇక విద్యార్థి తేల్చుకోవాల్సింది ఏముంటుంది?

మీ ఊళ్లోనే మిర్చి యార్డు ఉంది. ఒక వ్యాపారి సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, ధర జారుతోంది, బ్యాంకు వడ్డీ పేరుకుంటోంది. కథ అక్కడ ఆపండి. అద్దె రసీదు, అప్పు ఖాతా, వారం రోజుల ధరల పట్టీ చేతికివ్వండి. అమ్మాలా, ఆగాలా అన్నది చర్చకు ముందే ఎవరికి వారు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఈ సంతకమే కీలకం. అది పెట్టాక కేసు వాళ్లదవుతుంది. పక్కవాళ్లు వేరేగా ఎందుకు తేల్చారో అడిగించండి. నిల్వ ఖర్చు, నిర్వహణ మూలధనం పాఠం ఆ తర్వాతే.

చాలామంది వదిలేసేది నాలుగో దశ. దుగ్గిరాల పసుపు యార్డులో మరో వ్యాపారి, వేరే ధరలు ఇచ్చి మళ్లీ నిర్ణయం రాయించండి. మార్కులు లాభానికి కాకుండా, రెండు కాగితాల మధ్య తర్కం ఎంత పదునెక్కిందో దానికి వేయండి.